ఊరి మూలనిధి

ఉద్దేశం: గ్రామాభివృద్ధి పనులకు డబ్బు ఎలా సమకూరుతుందో, ఆ పనులను ఎవరు ఎలా నిర్వహించాలో గంజాం జిల్లా అనుభవం ద్వారా తెలియజేయడం, ఉమ్మడి ఆస్తి పట్ల బాధ్యతను పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

"ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చింది" అని తెలుగులో ఒక సామెత ఉంది. నలుగురికీ చెందిన వస్తువును నలుగురిలో ఒక్కరూ పట్టించుకోరనీ, చివరకు అది ఎవరికీ దక్కకుండా పోతుందనీ దీని భావం. ఊరి చెరువు, ఊరి బావి, ఊరి బడి, ఊరి బాట అన్నీ ఉమ్మడి ఆస్తులే. వీటిని నిర్మించడానికి డబ్బు కావాలి. నిర్మించినవాటిని నిలబెట్టుకోవడానికి డబ్బుతోపాటు ఓర్పు, కట్టుబాటు కూడా కావాలి. ఆ డబ్బు ఎక్కడినుంచి వస్తుంది? ఎవరు ఖర్చు చేయాలి? లెక్క ఎవరికి చెప్పాలి? ఈ ప్రశ్నలు ప్రతి ఊరికీ ఎదురవుతాయి. ఒడిశాలోని గంజాం జిల్లా పల్లెలు కొన్ని వీటికి తమదైన సమాధానం చెప్పాయి. సామెతను తిరగరాశాయి.

గంజాం జిల్లా ఒడిశాకు దక్షిణ భాగంలో ఉంది. ఒకవైపు బంగాళాఖాతం, మరొకవైపు తూర్పు కనుమలు. నడుమ ఋషికుల్యా నది పారుతుంది. ఛత్రపురం జిల్లాకు ముఖ్య కేంద్రం. జిల్లాలో పెద్ద పట్టణం మాత్రం బరంపురం. పట్టుబట్టలకు పేరుపొందిన ఈ పట్టణంలో ఒడియా, తెలుగు రెండూ వీధుల్లో వినిపిస్తాయి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేవరకు ఈ ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో ఉండేది. అందువల్ల ఇక్కడి స్థానిక పాలన చరిత్రకూ, ఆంధ్రదేశపు స్థానిక పాలన చరిత్రకూ మొదటి అధ్యాయాలు ఒక్కటే.

ఆ చరిత్రలో "లోకల్ ఫండు" అనే మాట ముఖ్యమైనది. 1871లో మద్రాసు ప్రభుత్వం లోకల్ ఫండు చట్టాన్ని చేసింది. భూమిశిస్తుతోపాటు కొంత పన్ను అదనంగా వసూలుచేసి, ఆ సొమ్మును రోడ్లకు, బడులకు, వైద్యశాలలకు ఆయా ప్రాంతాల్లోనే ఖర్చుపెట్టాలని నిర్ణయించారు. 1884లో వచ్చిన స్థానిక బోర్డుల చట్టంతో జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు ఏర్పడ్డాయి. బరంపురం పురపాలక సంఘం వీటికన్నా ముందే, 1867లో ఏర్పడింది. ఎక్కడ వసూలైన సొమ్ము అక్కడే ఖర్చు కావాలన్న సూత్రం మంచిదే. అయితే పన్ను చెల్లించే రైతుకు ఆ సొమ్మును ఎలా వాడాలో చెప్పే హక్కు దాదాపు లేదు. పెత్తనమంతా అధికారులది, వారు నియమించిన పెద్దలది. నిధి ఊరిదే గాని నిర్ణయం ఊరిది కాదు.

స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత 1948లో ఒరిస్సాలో గ్రామపంచాయతీల చట్టం వచ్చింది. దాని స్థానంలో 1964లో మరొక చట్టం చేశారు. గ్రామస్థాయిలో పంచాయతీ, బ్లాకు స్థాయిలో పంచాయతీ సమితి, జిల్లా స్థాయిలో జిల్లా పరిషత్తు అనే మూడంచెల పాలన రూపొందింది. ఒడిశాలో మరొక విశేషం ఉంది. ఒక పంచాయతీ కింద అనేక పల్లెలు ఉంటాయి. పంచాయతీ మొత్తానికి గ్రామసభ ఉన్నట్లే, ఒక్కొక్క పల్లెకు పల్లీసభ ఉంటుంది. ఆ పల్లెలోని ఓటర్లందరూ అందులో సభ్యులే. తమ పల్లెకు ఏ పని ముందు కావాలో, ఏది తర్వాత కావాలో చెప్పవలసింది ఈ సభే.

1993 ఏప్రిల్ 24న 73వ రాజ్యాంగ సవరణ అమలులోకి వచ్చింది. తాగునీరు, పారిశుద్ధ్యం, రోడ్లు, ప్రాథమిక విద్య మొదలైన 29 అంశాలను పంచాయతీలకు అప్పగించవచ్చునని రాజ్యాంగమే పేర్కొన్నది. అయిదేళ్ళకొకసారి ఎన్నికలు తప్పనిసరి అయ్యాయి. రాష్ట్ర ఆదాయంలో స్థానిక సంస్థల వాటా ఎంతో సూచించడానికి ప్రతి రాష్ట్రంలోను ఆర్థిక సంఘం ఏర్పడవలసి వచ్చింది. 2011లో ఒడిశా ప్రభుత్వం పంచాయతీ పదవుల్లో సగం స్త్రీలకు కేటాయించింది.

అధికారం వచ్చినంత వేగంగా ధనం రాలేదు. గ్రామపంచాయతీకి సొంత ఆదాయం స్వల్పం. సంత వేలం, చెరువులో చేపల పాట, బందెలదొడ్డి, రేవు వంటి వాటిమీద వచ్చే సొమ్ము చిన్నచిన్న ఖర్చులకే సరిపోదు. మిగిలినదంతా పైనుంచి రావలసిందే. పైనుంచి వచ్చే సొమ్ము చాలావరకు ఫలానా పనికే వాడాలన్న షరతుతో వస్తుంది. బావి తవ్వడానికి మంజూరైన సొమ్ముతో బావి తవ్వుతారు. మరుసటి ఏడాది దాని గిలక విరిగితే బాగుచేయడానికి నిధి ఉండదు. చేతిపంపు వేసినవారు వెళ్ళిపోతారు. పంపు తుప్పుపడుతుంది. స్త్రీలు మళ్ళీ బిందెలతో చెరువుకు నడుస్తారు. నిర్మాణానికి నిధి ఉండి నిర్వహణకు లేకపోవడం ఎన్నో ఊళ్ళలో కనిపించే లోపం.

ఈ లోపాన్ని సరిదిద్దే ప్రయత్నం బరంపురానికి సమీపంలోని మొహుదా అనే గ్రామంలో మొదలైంది. దాని వెనుక కొంత కథ ఉంది. 1971లో బంగ్లాదేశ్ కాందిశీకులకు సేవచేయడానికి మద్రాసు నుంచి కొందరు విద్యార్థులు పశ్చిమ బెంగాలుకు వెళ్ళారు. జో మదియత్ అనే యువకుడు వారికి నాయకుడు. అదే ఏడాది ఒరిస్సా తీరాన్ని తుపాను ధ్వంసం చేసింది. వారిలో కొందరు ఒరిస్సాకు వచ్చి సహాయం చేశారు, అక్కడే ఉండిపోయారు. 1976లో గంజాం జిల్లాకు చేరి గిరిజనుల మధ్య పాడి పరిశ్రమను పెంపొందించాలని ప్రయత్నించారు. అది గిరిజనుల జీవన విధానానికి సరిపడలేదు. కెరండిమాల్ కొండల్లోని గిరిజనులను అప్పులనుంచి, సారానుంచి విడిపించడం అంతకంటె ముఖ్యమని వారు గ్రహించారు. 1979లో "గ్రామ వికాస్" అనే సంస్థగా నమోదయ్యారు.

1983 నుంచి పదేళ్ళపాటు ఈ సంస్థ ఒరిస్సా పల్లెల్లో గోబరు గ్యాసు ప్లాంట్లు కట్టించింది. వాటి సంఖ్య 50 వేలు దాటింది. ఆ పనిమీద ఊరూరా తిరిగిన కార్యకర్తలకు ఒక సత్యం బోధపడింది. పల్లెల్లోని జబ్బులకు ముఖ్య కారణం కలుషితమైన నీరు. ఆ నీటిని కలుషితం చేస్తున్నది ఆరుబయట మలవిసర్జన. మందులు ఎన్ని ఇచ్చినా నీరు మారకపోతే రోగం మారదు. ఈ ఆలోచనతో 1992లో అయిదు గ్రామాల్లో, 337 కుటుంబాలతో కొత్త కార్యక్రమాన్ని ప్రారంభించారు. ప్రతి ఇంటికీ ఒక మరుగుదొడ్డి, ఒక స్నానాల గది, మూడు కుళాయిలు దాని లక్ష్యం. ఒక కుళాయి మరుగుదొడ్డిలో, ఒకటి స్నానాల గదిలో, ఒకటి వంటింట్లో. ఇరవైనాలుగు గంటలూ నీరు రావాలి. పట్టణాల్లో సైతం అరుదైన ఈ సౌకర్యాన్ని మారుమూల పల్లెలో ఊహించడమే ఆనాడు సాహసం.

అయితే ఇందుకు ఒక నియమం పెట్టారు. ఊరిలోని కుటుంబాలన్నీ చేరాలి. నూటికి తొంభైతొమ్మిది చేరినా చాలదు. ఒక్క ఇల్లు మిగిలినా పని మొదలుకాదు. ఈ నియమం చాలామందికి కఠినంగా తోచింది. "ఆ ఒక్కడు ఒప్పుకోకపోతే ఊరంతా ఎందుకు నష్టపోవాలి?" అని అడిగేవారు. దానికి సమాధానం నీటి స్వభావంలోనే ఉంది. ఒక్క ఇంటి మురికి చెరువులో కలిసినా చెరువంతా చెడుతుంది. రోగానికి సరిహద్దు గోడ లేదు. అందుచేత ఆ ఒక్క ఇంటిని ఒప్పించే బాధ్యత కూడా ఊరిదే. కొన్ని ఊళ్ళు నెలల్లో ఒప్పుకున్నాయి. కొన్నింటికి ఏళ్ళు పట్టింది.

ఈ నియమంలో మరొక గొప్ప ఫలితం ఇమిడి ఉంది. ఊరంతా అంటే ఊరు మాత్రమే కాదు, వాడ కూడా. తరతరాలుగా దళితులను ఊరి బావి దగ్గరకు రానివ్వని చోట, ఒకే నీటి ట్యాంకు నుంచి ఒకే గొట్టంలో అందరి ఇళ్ళకూ నీరు వెళ్ళాలి. అందరికీ ఒకే రకం మరుగుదొడ్డి, ఒకే రకం కుళాయి. పెద్ద ఇంటికి ఎక్కువ నీరు, చిన్న ఇంటికి తక్కువ నీరు అన్న తేడా లేదు. దీనికి ఒప్పుకోవడం కొందరికి డబ్బు చెల్లించడంకంటె కష్టమైంది. అంటరానితనం మీద వందసార్లు ఉపన్యసించినా కలగని మార్పుకు ఆ గొట్టం దారితీసింది. తమ ఇంటికి నీరు రావాలంటే పక్కవాడకు కూడా రావలసిందే.

అందరూ ఒప్పుకున్న తర్వాత మొదటి పని మూలనిధి. ఒక్కొక్క కుటుంబం సగటున వెయ్యి రూపాయలు చెల్లించాలి. సగటున అనడంలో అర్థం ఉంది. అందరూ సమానంగా చెల్లించాలని కాదు. కలవారు ఎక్కువ ఇవ్వాలి, లేనివారు తక్కువ ఇవ్వాలి. ఎవరి వంతు ఎంతో గ్రామసభే తేల్చుకోవాలి. ఇలా చేరిన సొమ్మును ఊరి సంఘం పేర బ్యాంకులో వేస్తారు. అసలును ముట్టుకోరు. వడ్డీ మాత్రమే వాడతారు.

ఈ వడ్డీ దేనికి? ఊరు నేడున్నట్లు రేపు ఉండదు. అన్నదమ్ములు వేరుపడతారు, కొత్త కాపురాలు వెలుస్తాయి. కొత్త ఇంటికి మరుగుదొడ్డి లేకపోతే నూరుశాతం నియమం అక్కడితో ముగుస్తుంది. కొత్తగా వేరుపడిన కుటుంబానికి సిమెంటు, ఇనుము వంటి సామగ్రి కొనివ్వడానికి ఈ వడ్డీ ఉపయోగపడుతుంది. ఉదాహరణకు నూరు గడపల ఊరిని తీసుకుందాం. సగటున వెయ్యి చొప్పున లక్ష రూపాయలు చేరుతాయి. నూటికి ఎనిమిది చొప్పున వడ్డీ వస్తే ఏడాదికి 8,000 రూపాయలు. అసలు తరగదు, సహాయం ఆగదు. అదే లక్షనూ మొదటి ఏడాదే ఖర్చుచేసి ఉంటే రెండో ఏడాది ఊరు మళ్ళీ చేయి చాచవలసి వచ్చేది.

మూలనిధికి మరొక ప్రయోజనం కూడా ఉంది. నిర్మాణం ప్రారంభించకముందే ఊరంతా డబ్బు పోగుచేయడం ఒక పరీక్ష. వసూలు, రసీదు, చిట్టా, బ్యాంకు ఖాతా, సభలో లెక్క అప్పజెప్పడం వంటి పనులన్నీ చిన్న మొత్తంతోనే అలవాటవుతాయి. లక్ష రూపాయల లెక్క చక్కగా చెప్పగలిగిన ఊరు ఆ తర్వాత పది లక్షల పనిని కూడా నమ్మకంగా నడపగలదు.

తర్వాత నిర్మాణం. ఇటుక, ఇసుక, రాయి, కూలి పని ఊరివారి వంతు. సిమెంటు, ఇనుము, తలుపులు వంటి బయటి సామగ్రికి సంస్థ సహాయం చేస్తుంది. ఊరిలోని యువకులకు తాపీపని నేర్పుతారు. ఆ నేర్పు వారికి తర్వాత జీవనోపాధి కూడా అయింది. అన్ని ఇళ్ళకూ మరుగుదొడ్లు పూర్తి అయిన తర్వాతే ట్యాంకు నుంచి నీరు వదులుతారు. కొండ ప్రాంతాల్లో ఎత్తైన ఊటనుంచి గొట్టాల ద్వారా నీటిని దింపుతారు. అక్కడ కరెంటు అవసరమే లేదు.

నీటి ట్యాంకు, గొట్టాల ఖర్చు పెద్దది. దాన్ని ఊరు ఒక్కటే భరించలేదు. ఇక్కడే ప్రభుత్వ పథకాలు తోడ్పడతాయి. 2002 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం స్వజలధార పథకాన్ని ప్రారంభించింది. ఆ పథకంలో ఖర్చులో పదోవంతు ప్రజలు భరిస్తే మిగిలిన తొమ్మిది వంతులు ప్రభుత్వం ఇచ్చేది. 2019 ఆగస్టు 15న ప్రకటించిన జలజీవన్ మిషన్లో కూడా ఊరిలోపలి నిర్మాణ వ్యయంలో ప్రజల వాటా ఉంది. సాధారణంగా అది పది శాతం. కొండ, అటవీ ప్రాంతాల్లోను, దళితులు, గిరిజనులు సగానికి మించి ఉన్న గ్రామాల్లోను అయిదు శాతం. దాన్ని డబ్బుగా గాని, వస్తువుగా గాని, శ్రమగా గాని ఇవ్వవచ్చు. ముందే మూలనిధి, సంఘం, బ్యాంకు ఖాతా ఉన్న ఊరికి ఇటువంటి పథకాలను అందుకోవడం తేలిక. అవి లేని ఊరు పథకం వచ్చినప్పుడు పరుగులు తీసి, సొమ్ము అయిపోగానే చెదిరిపోతుంది.

ఊరి సంఘాన్ని చట్టప్రకారం రిజిస్టరు చేయిస్తారు. దాని కార్యవర్గంలో స్త్రీలు, పురుషులు సమాన సంఖ్యలో ఉంటారు. ఇది అలంకారం కాదు. గంజాం నుంచి వేలాదిమంది పురుషులు సూరత్ మరమగ్గాల వంటి దూరపు పనులకు వలసపోతారు. ఊళ్ళో నిలిచేవారు స్త్రీలు. నీరు మోసేవారూ వారే. నీటి విలువ ఎవరికి తెలుసో వారి చేతికే నీటి లెక్క రావడం న్యాయం. మొదట్లో సభలో తలుపు చాటున నిలబడినవారు క్రమంగా చిట్టా చూపమని అడిగే స్థితికి వచ్చారు.

పంపు నడపడానికి, గొట్టాల మరమ్మతుకు వేరే నిధి ఉంటుంది. ఇంటింటా నెలసరి చందా వసూలుచేస్తారు. కొన్ని ఊళ్ళు చెరువులో చేపలు పెంచి ఆ ఆదాయాన్ని, ఉమ్మడి తోటల మీద వచ్చే ఆదాయాన్ని దీనికి జతచేశాయి. గంజాం జిల్లాలోని సామియాపల్లి వంటి తొలినాటి గ్రామాల అనుభవం చూసి ఇతర గ్రామాలు ముందుకు వచ్చాయి. క్రమంగా ఈ కార్యక్రమం ఒడిశాలో వెయ్యికి పైగా గ్రామాలకు వ్యాపించింది. 2006లో మెక్సికోలో జరిగిన ప్రపంచ నీటి సదస్సులో గ్రామ వికాస్ సంస్థ క్యోటో ప్రపంచ జల బహుమానాన్ని అందుకుంది.

బహుమతికంటె విలువైనది ఫలితం. తర్వాతి కాలంలో నోబెల్ బహుమతి పొందిన ఆర్థికవేత్త ఎస్తేర్ డఫ్లో, ఆమె సహచరులు ఈ కార్యక్రమం జరిగిన ఒడిశా గ్రామాలు నూరింటిని పరిశీలించారు. 2015లో వెలువడిన వారి అధ్యయనం ప్రకారం, చికిత్స అవసరమైన అతిసార వ్యాధి 30 నుంచి 50 శాతం వరకు తగ్గింది. అయిదేళ్ళ తర్వాత కూడా ఆ మేలు నిలిచే ఉంది.

అయితే ఇది లోపం లేని ఏర్పాటు కాదు. 1990వ దశకంలో బ్యాంకు వడ్డీ పది, పన్నెండు శాతం వచ్చేది. తర్వాత వడ్డీ తగ్గింది, సిమెంటు ధర పెరిగింది. ఆనాటి వెయ్యి రూపాయలు నేటి అవసరానికి చాలవు. మూలనిధిని అప్పుడప్పుడు పెంచుకోని ఊరు వెనుకబడుతుంది. సంఘం సమావేశాలు మానేస్తే చందా వసూలు ఆగుతుంది, చందా ఆగితే పంపు ఆగుతుంది. ఊరి సంఘానికీ పంచాయతీకీ పొత్తు కుదరకపోవడం మరొక చిక్కు. పంచాయతీ ఎన్నికైన ప్రభుత్వం. అది అనేక పల్లెలకు బాధ్యత వహిస్తుంది. ఊరి సంఘం ఒక్క పల్లెది. సంఘం పంచాయతీకి పోటీ కాకూడదు. పంచాయతీ సంఘాన్ని పక్కకు నెట్టకూడదు. సంఘం తన లెక్కను పల్లీసభ ముందుంచి, పంచాయతీ తన ప్రణాళికలో సంఘం పనిని చేర్చినప్పుడే రెండింటి బలమూ కలుస్తుంది.

పంచాయతీలకు వచ్చే నిధులు పెరిగినకొద్దీ ఈ పొత్తు అవసరం ఎక్కువైంది. 2015 నుంచి 2020 వరకు అయిదేళ్ళకు దేశంలోని గ్రామపంచాయతీలకు రెండు లక్షల కోట్ల రూపాయలకు పైగా ఇవ్వాలని 14వ ఆర్థిక సంఘం సిఫారసు చేసింది. నిధులు పొందే ప్రతి పంచాయతీ ప్రజలతో కలిసి గ్రామాభివృద్ధి ప్రణాళిక తయారుచేయాలన్న పద్ధతి కూడా అప్పుడే వచ్చింది. సొమ్ము రావడంతో పని పూర్తికాదు. పనికి అంచనా వేయాలి. ఇంజనీరు మంజూరు చేయాలి. పనిచేసినవారి పేర్లు మస్టరులో ఎక్కాలి. జరిగిన పని కొలతల పుస్తకంలోకి రావాలి. ప్రతి పైసా నగదు చిట్టాలో కనిపించాలి. చివరకు వినియోగ ధ్రువపత్రం పంపాలి. అది పంపకపోతే తర్వాతి విడత సొమ్ము ఆగిపోతుంది. ఒడిశాలో స్థానిక సంస్థల లెక్కలు తనిఖీ చేసే శాఖకు నేటికీ "లోకల్ ఫండు ఆడిట్" అనే పేరు. 1871 నాటి మాట అలా నిలిచి ఉంది. కాని ఆడిటర్ ఏడాదికొకసారి వస్తాడు. ఊరివారు ప్రతిరోజూ చూస్తారు. పని జరిగే చోట ఖర్చు వివరాలను గోడమీద రాసిపెట్టడం అందుకే మంచి పద్ధతి.

ఉమ్మడి ఆస్తికి గంజాంలో ప్రకృతి కూడా పరీక్ష పెడుతుంది. 1999 అక్టోబరు 17న ఒక తుపాను ఈ జిల్లాను తాకింది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురం వద్ద తీరం దాటింది. ముందుగానే లక్షలాదిమందిని సురక్షిత స్థలాలకు తరలించడం వలన ప్రాణనష్టం చాలావరకు తప్పింది. తీరంలో ప్రభుత్వం కట్టిన తుపాను ఆశ్రయ భవనాలు అందుకు తోడ్పడ్డాయి. వాటి నిర్వహణను స్థానిక కమిటీలకు అప్పగించారు. ఏడాదంతా బడిగానో సమావేశ స్థలంగానో వాడితే తలుపులు, గొళ్ళేలు సరిగా ఉంటాయి. తాళంవేసి వదిలేసిన భవనం తుపాను రాత్రి అక్కరకు రాదు.

పట్టణాలకు కూడా ఈ సూత్రమే వర్తిస్తుంది. బరంపురం 2008లో నగరపాలక సంస్థ అయింది. 2020లో కరోనా కారణంగా పనులు ఆగిపోయినప్పుడు ఒడిశా ప్రభుత్వం పట్టణ పేదలకు పని కల్పించే కార్యక్రమాన్ని రాష్ట్రంలోని పట్టణాలన్నింటిలో ప్రారంభించింది. కాలువల పూడిక తీయడం, వాననీటి గుంతలు తవ్వడం వంటి చిన్న పనులను గుత్తేదారులకు ఇవ్వకుండా మహిళా సంఘాలకు, బస్తీ సంఘాలకు అప్పగించారు. తమ వీధి కాలువను తామే బాగుచేసుకున్నవారు అందులో చెత్త వేయడానికి వెనుకాడతారు.

ఇటువంటి ప్రయత్నాలు ఇతర చోట్ల కూడా జరిగాయి. బ్రెజిల్ దేశంలోని పోర్టో అలెగ్రె నగరం 1989 నుంచి తన బడ్జెట్లో కొంత భాగాన్ని ఎలా ఖర్చుచేయాలో ప్రజల సభల్లోనే తేల్చే పద్ధతిని చేపట్టింది. కేరళ 1996లో ప్రజాప్రణాళిక పేరుతో రాష్ట్ర ప్రణాళికా నిధుల్లో మూడోవంతుకు పైగా స్థానిక సంస్థలకు అప్పగించింది. 1997 జనవరిలో ఆంధ్రప్రదేశ్లో ప్రారంభమైన జన్మభూమి కార్యక్రమంలో కూడా ప్రజల వాటా, శ్రమదానం ముఖ్యాంశాలు. పద్ధతులు వేరైనా అన్నింటి సారం ఒక్కటే. ఖర్చు ఎవరికోసమో నిర్ణయం కూడా వారిదే కావాలి.

ప్రభుత్వ ధనం పరాయి ధనం కాదు. అది ప్రజలు చెల్లించిన పన్నే. దాన్ని అడిగి తెచ్చుకోవడం హక్కు. దానికి తమ వంతు జతచేసి, లెక్క చూసుకుని, చేసిన పనిని కాపాడుకోవడం బాధ్యత. హక్కు, బాధ్యత కలిసిన ఊరిలో ఉమ్మడి గొర్రె పుచ్చి చావదు, మందగా పెరుగుతుంది.

పదాలు – అర్థాలు

మూలనిధి = అసలు ఖర్చుకాకుండా నిలవ ఉంచే ధనం
కాందిశీకులు = ఆపదవల్ల సొంతచోటు విడిచి వచ్చినవారు
గడప = ఇల్లు, కుటుంబం
బందెలదొడ్డి = చేలలో పడిన పశువులను కట్టి ఉంచే చోటు
చిట్టా = రోజువారీ లెక్కల పుస్తకం
మస్టరు = పనివారి హాజరు పట్టీ
గుత్తేదారు = కంట్రాక్టరు
అక్కరకు వచ్చు = అవసరానికి ఉపయోగపడు

ప్రశ్నలు

అ) ఒకటి రెండు వాక్యాల్లో జవాబులు రాయండి.
1. లోకల్ ఫండు చట్టం ఏ సంవత్సరంలో వచ్చింది? దాని ఉద్దేశం ఏమిటి?
2. గ్రామసభకు, పల్లీసభకు తేడా ఏమిటి?
3. మూలనిధిలో అసలును ఎందుకు ముట్టుకోరు?
4. వినియోగ ధ్రువపత్రం పంపకపోతే ఏమవుతుంది?

ఆ) పది వాక్యాల్లో జవాబులు రాయండి.
1. "ఒక్క ఇల్లు మిగిలినా పని మొదలుకాదు" అన్న నియమం న్యాయమైనదేనా? పాఠంలోని కారణాలను చర్చించి మీ అభిప్రాయం రాయండి.
2. నీటి గొట్టం అంటరానితనాన్ని ఎదుర్కోవడానికి ఎలా తోడ్పడింది?
3. ఊరి సంఘానికి, పంచాయతీకి మధ్య సంబంధం ఎలా ఉండాలి?

భాషాభ్యాసం

1. విడదీసి సంధి పేరు రాయండి: గ్రామాభివృద్ధి, ఊరుమ్మడి, ముఖ్యాంశాలు.
2. విగ్రహవాక్యం రాసి సమాసం పేరు తెల్పండి: గ్రామసభ, మూలనిధి, అన్నదమ్ములు.
3. సొంత వాక్యాల్లో ప్రయోగించండి: చేయి చాచు, అక్కరకు వచ్చు, తలుపు చాటున నిలబడు.

చేయదగిన పనులు

1. మీ ఊరిలో గాని, వీధిలో గాని ఉన్న ఉమ్మడి ఆస్తుల పట్టిక తయారుచేయండి. ఒక్కొక్కదాన్ని ఎవరు కట్టించారో, ఎవరు బాగుచేస్తున్నారో పెద్దలను అడిగి రాయండి.
2. ఎనభై గడపల ఊరు గడపకు సగటున 1,500 రూపాయల చొప్పున మూలనిధి చేర్చింది. నూటికి 7 చొప్పున ఏడాదికి ఎంత వడ్డీ వస్తుందో లెక్కకట్టండి. ఆ సొమ్మును ఏ పనికి వాడాలో తరగతిలో సభ జరిపి తీర్మానం రాయండి.